గంజాము తెలుగిండ్ల పాత పాట

పాత పాట వినినప్పుడు కన్ను చెమర్చుట సహజము. మన గంజాము ప్రాంతపు తెలుగు కుటుంబములలో నిది మఱింత సహజము. మన పిల్లలు బడిలో చదువునది ఒడియా, ఆంగ్లము. అంగడిలో మాటాడునది ఒడియా. కచేరీలో వ్రాయునది ఒడియాయో, ఆంగ్లమో. తెలుగు మిగిలినది వంటయింటను, పూజాగృహమునను, పెండ్లిపందిటను మాత్రమే. ఈ మూడు తావులందును తెలుగును నిలిపినది పుస్తకముకంటె పాటయే. కనుకనే లాలిపాటయో, అప్పగింతల పాటయో చెవిని పడినంతనే మనకు పాటకంటె ముందుగా అమ్మమ్మ కన్పట్టును. వెంటనే ‘ఎంత గొప్ప పాట!’ అని అందుము.

ఈ మెప్పును మేము తప్పుపట్టము. కాని విమర్శకుని పని ఇచ్చటనే ఆరంభమగుచున్నది. మనలను కదల్చినది పాటయా, పాటతో ముడివడిన మన జ్ఞాపకమా? ఈ ప్రశ్న కేవలము తర్కము కొఱకు వేయునది కాదు. జ్ఞాపకము ఒక్కటే పాటకు గల విలువ యైనచో, ఆ జ్ఞాపకము గలవారితోనే పాటయు గతించును. అమ్మమ్మను చూడని మునిమనుమరాలికి ఆ పాటతో పని యుండదు. పాటకు తనదియైన విలువ కలదందుమా, అది యేమో ఆ పిల్లకు చూపవలసిన భారము మనపై నున్నది. ఈ వ్యాసమున మేము చేయదలచినది అదియే.

ముందుగా ఈ పాటలు పుట్టిన నేలను గూర్చి నాలుగు మాటలు. బరంపురము, పర్లాకిమిడి, ఇచ్ఛాపురము, శ్రీకాకుళము ఇవన్నియు ఒకనాడు చికాకోలు సర్కారులోనివి. 1765లో ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల వశమైన పిమ్మట గంజాము జిల్లా చిరకాలము మద్రాసు రాజధానిలో నుండెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురము ఈవలకు, ఇచ్ఛాపురము ఆవలకు చేరినవి. రెండింటి నడుమ దూరము ఇంచుమించు 25 కిలోమీటర్లు. ఎల్ల గీచినవారు భూమిని కొలిచిరే గాని పాటను కొలువలేదు. బహుదా నది కావల పాడిన దంపుళ్ళ పాట ఈవలను పాడిరి. ఈవలి ఇండ్లలోని మంగళహారతి ఆవలి యిండ్లకు కోడండ్రతో కూడ పోయినది. రాజ్యములు మారినవి గాని వియ్యములు మారలేదు.

ఈ సీమలో వినవచ్చిన పాట మూడు తెఱగులు. మొదటిది కథాగానము. జముకుల కథ, జంగము కథ ఈ తెఱగునకు చెందినవి. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధము ఈ గాయకుల నోట బ్రదికినది. చరిత్ర గ్రంథములలో కొలది పుటలకు మించని ఆ యొక్కనాటి పోరును జనులు రాత్రులకు రాత్రులు కూర్చుండి వినిరి. రెండవది ఆటతో కూడిన పాట. ఱొమ్మున కట్టుకొనిన గుండ్రని రేకు వాద్యములను రెండు చేతులతో మ్రోగించుచు యాదవులు ఆడు తప్పెటగుళ్ళు ఉత్తరాంధ్ర సీమకే సొత్తు. మూడవది స్త్రీల పాట. లాలి, జోల, దంపుళ్ళ పాటలు, పెండ్లిపాటలు, మంగళహారతులు, పురాణ కథల పాటలు ఇందులోనివి. వలస వచ్చి స్థిరపడిన కుటుంబములలో మొదటి రెండు తెఱగులు త్వరగా సన్నగిల్లినవి. వానికి వృత్తి గాయకులు, ఊరి నడుమ కూడలి, పోషకులు కావలెను. మూడవదానికి ఒక తల్లి, ఒక కూతురు చాలును. కనుక అది నిలిచినది. మనకు దక్కినది ప్రధానముగా స్త్రీల పాటయే యని గుర్తించినగాని విమర్శకు దారి దొరకదు.

ఈ స్త్రీల పాటలను పండితులు చాలకాలము చులకన చేసిరి. ఛందస్సు సరిపడదనియు, కథ వాల్మీకమునకు విరుద్ధమనియు వారి యాక్షేపణ. ఈ విరోధమే వీని బలమని మా యభిప్రాయము. ఊర్మిళాదేవి నిద్ర కథను తలచుడు. పదునాలుగేండ్లు వనవాసమున అన్నను సేవించిన లక్ష్మణుని కథ పురాణములందు విస్తారముగా కలదు. అదే కాలము అంతఃపురమున నిదురించిన యామె మాట యేమి? తిరిగివచ్చిన మగనిని గుర్తింపక, పరపురుషుడని భయపడిన యా యిల్లాలి దుఃఖమును తలచినవారు మన స్త్రీలు. యుద్ధములు, అస్త్రములు వీరి పాటలలో ప్రధానములు కావు. కౌసల్య వేవిళ్ళు, ప్రసవ వేదన, సీత యత్తవారింటికి పోవుట, తోడికోడండ్ర వేళాకోళములు, ఇవి ప్రధానములు. వెల్చేరు నారాయణరావుగారు 1991లో ప్రకటించిన ఆంగ్ల వ్యాసమున, ఇది స్త్రీలు తమకై తాము కట్టుకొనిన రామాయణమని నిరూపించిరి. అంతకు పూర్వమే బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానపద గేయ సాహిత్యముపై పరిశోధన సాగించి, ఆ గ్రంథమును 1958లో వెలువరించి, విద్వత్సభలలో దీనికి పీఠము వేసిరి. నేదునూరి గంగాధరముగారు ఊరూర తిరిగి పాటలు సేకరించి సంపుటములుగా అచ్చు వేసిరి. కావున ఈ వాఙ్మయము విలువ గలది యని నేడు మేము క్రొత్తగా చెప్పవలసిన పని లేదు.

సంగీత దృష్టితో చూచినను ఈ పాటలలో చెప్పుకొనదగిన నేర్పు కలదు. సాధారణముగా నొక పాటకు ఒకటి రెండు వరుసలే యుండును; వందల చరణములకును అవియే తిరిగి తిరిగి వచ్చును. స్వరముల పరిధి స్వల్పము. నాదనామక్రియ, పున్నాగవరాళి వంటి రాగములు తారస్థాయిలో విహరింపక మధ్యమ స్థాయి నిషాదము లోపలనే సంచరించును. జానపదుల గొంతునకు దగ్గఱగా నుండుటచేతనే యవి యింటి పాటలకు ఒదిగినవి. ఆనందభైరవి జానపదుల నుండియే శాస్త్రమునకు వచ్చినదని సంగీతజ్ఞులందురు. త్యాగరాజస్వామి అంతటివారు ఉత్సవ సంప్రదాయ కీర్తనలు రచించునప్పుడు లాలి, ఉయ్యాల, హెచ్చరిక, ఆరతి అను ఇంటి పాటల రూపములనే కైకొనిరి. పరిధి చిన్నదగుటచేత శ్రమ లేదు; వరుస మారకపోవుటచేత వినువారి మనస్సు రాగముపై కాక కథపై నిలుచును. బిడ్డను తొడపై వేసికొని, కూర తఱుగుచు గంటసేపు పాడవలసిన స్త్రీకి ఇంతకంటె తగిన నిర్మాణము లేదు. పేదఱికమని కొందఱు తలంచినది నిజమునకు పొదుపు.

ఇచ్చట నొక కఠినమైన మాట చెప్పక తప్పదు. నేడు మన సభలలో వేదికలపై పాడబడు దంపుళ్ళ పాట దంపుళ్ళ పాట కాదు. రోకటి పోటు ఆ పాటకు తాళము. రోకలి పైకి లేచునప్పుడు ఊపిరి పీల్చుట, పడునప్పుడు మాట విడుచుట, ఇద్దఱు స్త్రీలు వంతులవారీగా దంచునప్పుడు పాట ఒకరినుండి మఱియొకరికి దాటుట, ఇవి దాని ప్రాణము. బియ్యపు మిల్లులు వచ్చినవి. రోకండ్లు అటుక కెక్కినవి. పని పోగా మిగిలిన పాట కాలప్రమాణము తప్పి, సాగి సాగి, విషాదగీతము వలె వినవచ్చుచున్నది. దానిని విని మనము కన్నీరు పెట్టుచున్నాము. అలసటను మఱపించుటకు పుట్టిన హుషారు పాటను శోకగీతముగా మార్చినది మన జ్ఞాపకము. జ్ఞాపకము పాటను కాపాడునని అందఱు నందురు. అది పాటను చెఱచుటయు కలదని మేమందుము.

గ్రామఫోను చేసిన మేలు, కీడు ఈ సందర్భమున విచారింపదగినవి. వింజమూరి సీత, అనసూయ సోదరీమణులు జానపద గీతములకు సభా గౌరవము తెచ్చిరి. 1920లో జన్మించి 2019లో అమెరికాలోని హ్యూస్టను నగరమున గతించిన అనసూయాదేవిగారు పాటలను సేకరించి స్వరపఱచి అచ్చు వేయించిరి. పల్లెపాట పెద్ద యింటి చావడిలోనికి రాగలిగినదన్నచో అందు వీరి పాలు చాల గలదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము నెలకొనిన పిమ్మట రేడియో పెట్టె గలవారికి ఆ పాట మఱింత దగ్గఱయైనది. మేలు ఇంత. కాని 78 వేగపు పళ్ళెమున ఒక ప్రక్క పట్టునది ఇంచుమించు మూడు నిమిషములే. రాత్రియంతయు సాగు కథ మూడు నిమిషములకు కుదియవలెను. ఆఱునూఱు చరణములు ఆఱు కావలెను. హార్మోనియము, వయొలిను తోడు వచ్చినవి. రోకలి, ఊయెల గొలుసు తొలగినవి. నేడు మనలో చాలమంది ‘పాత పాట’ అని తలచునది అమ్మమ్మ పాడినది కాదు. అమ్మమ్మ యింటిలో మ్రోగిన రికార్డు. అదియు గౌరవింపదగినదే, కాని రెండింటిని ఒకటిగా భావింపరాదు.

ఈ చిక్కు మనకొక్కరికే కలిగినది కాదు. అమెరికా దేశపు కథ ఇందులకు చక్కని సాక్ష్యము. సెసిల్ షార్ప్ అను ఆంగ్లేయ సంగీతజ్ఞుడు 1916 మొదలు 1918 వఱకు, మాడ్ కార్పెలెస్ అను స్త్రీ తోడుగా, అపలాచియన్ పర్వత ప్రాంతమున తిరిగి 1,600 కు పైగా పాటల వరుసలను వ్రాసికొనెను. తరతరములకు పూర్వము సముద్రము దాటి వలస పోయినవారి కొండపల్లెలలో, ఇంగ్లండులో మరుగు పడుచున్న కథాగీతములు సజీవముగా నుండుట చూచి యాతడు పరవశించెను. వలస పోయిన శాఖ ఒక్కొక్కప్పుడు మూలముకంటె పాతదనమును భద్రపఱచునని దీనివలన తెలియుచున్నది. బరంపురపు తెలుగువారమైన మనకు ఈ మాట ధైర్యము నిచ్చును.

కాని షార్ప్ చూడనిది కూడ నున్నది. అతడు వెదకినది ఇంగ్లండును. కనుక ఇంగ్లండే దొరికినది. ఆ ప్రాంతములందే యున్న నల్లజాతివారి పాటను అతడు దాదాపుగా పట్టించుకొనలేదు. రికార్డు వర్తకులు వచ్చిన తరువాత విషయము బయటపడినది. 1923లో అట్లాంటా నగరమున జాన్ కార్సన్ అను ఫిడేలు వాయిద్యగాని పాటను రికార్డు చేసిన రాల్ఫ్ పియర్, ఆ గొంతు వినసొంపుగా లేదని తలచెను. జనులు మాత్రము పళ్ళెములను ఎగబడి కొనిరి. అదే పియర్ 1927 జూలై, ఆగస్టు మాసములలో బ్రిస్టల్ పట్టణమున కార్టర్ కుటుంబమువారిని, జిమ్మీ రోజర్సును తొలిసారి రికార్డు చేసెను. కంట్రీ సంగీతమునకు ఈ ఘట్టము పునాది యందురు. కార్టర్ కుటుంబ పెద్ద పాటల సేకరణకై ఊరూర తిరిగినప్పుడు వెంటనుండి వరుసలను గుర్తుంచుకొనినవాడు లెస్లీ రిడిల్ అను నల్లజాతి గిటారు వాద్యకుడు. తెల్లవారి పల్లెపాటకు గుర్తుగా చెప్పుకొను బాంజో వాద్యమునకు మూలము ఆఫ్రికా. వర్తకులు తెల్లవారి పాటలకు ఒక జాబితా, నల్లవారి పాటలకు వేఱొక జాబితా వేసి అమ్మిరి. పాట మాత్రము అంతకు ముందే కలసిపోయినది. అచ్చమైనదని యెంచి యెవరెవరు కన్నీరు కార్చిరో, ఆ పాటయే సంకరము.

ఇక మన యింటికి వత్తము. మన స్త్రీల పాటలలో ఒడియా మాటలు దొరలుచున్నవి. కొన్ని పాటలకు ఒడియా వరుసలే కుదిరినవి. మనలో చదువుకొనిన కొందఱు దీనికి సిగ్గుపడి, రాజమహేంద్రవరమునుండియో, బెజవాడనుండియో తెచ్చిన అచ్చు పుస్తకము ముందుంచుకొని, అమ్మమ్మ పాటను ‘దిద్దుచున్నారు’. సభలలో ఈ దిద్దిన పాటలే పాడించుచున్నారు. ఇది మంచి యుద్దేశముతో జరుగు పొరపాటని మా దృఢమైన అభిప్రాయము.

ఎందువలన? బరంపురపు ఠాకురాణి యాత్రను చూడుడు. బుడి ఠాకురాణి రెండేండ్ల కొకసారి తన యాలయమునుండి దేశిబెహరా వీధికి, అనగా పుట్టినింటికి వచ్చును. ఆమెను కూతురుగా భావించి తోడితెచ్చు దేశిబెహరా, ఇంట తెలుగు మాటాడు దేరా సాలెవారి పెద్ద. ఈ సాలెవారి పూర్వులు రాజమహేంద్రవర ప్రాంతమునుండి మహురి ప్రభువుల పిలుపున వచ్చిరని పెద్దలు చెప్పుదురు. రాత్రులందు స్త్రీలు ఘటములు తలనెత్తుకొని వీధివీధి తిరుగుదురు. పులివేషములు, ఇతర వేషములు మ్రొక్కుబడిగా కట్టుదురు. పట్టణములోని ఒడియావారు, తెలుగువారు అందఱును ఆమెను ఆ పేరుననే కొలుతురు. కూతురు పుట్టినింటికి వచ్చుట, మరల సాగనంపుట అను భావము మన అప్పగింతల పాటలకు ప్రాణమైనదే. ఇట్టి చోట ‘ఠాకురాణి’ అను మాట పరభాషాపదమని పాటనుండి తీసివేసి మఱియొక పేరు పెట్టినచో, భాష శుద్ధి పొందునేమో గాని పాట అబద్ధమగును. ఆ పాట పాడిన స్త్రీ గోదావరి యొడ్డున నిలిచి పాడలేదు. బరంపురపు వీధిలో, ఘటము వెంట నడచుచు పాడినది.

ఇచ్చిపుచ్చుకొనుట ఒక్క వైపునుండియే జరుగలేదు. గంజాము ఒడియావారు గర్వముగా చెప్పుకొను ప్రహ్లాద నాటకము జలంత్ర ప్రభువగు రామకృష్ణ ఛోటరాయల పేర ప్రసిద్ధి కెక్కినది. మెట్ల మంచెపై హిరణ్యకశిపుడు ఎగిరి దుముకు నా యాటలోని పాటలు కర్ణాటక సంగీతపు పోకడలు గలవి. మన వీధి భాగవతమునకు దగ్గఱి చుట్టములు. ఆ జలంత్రకోట నేడు ఆంధ్రప్రదేశములోని శ్రీకాకుళము జిల్లాలో నున్నది. ఒడియావారి నాటకము పుట్టిన కోట తెలుగు నేలపై, తెలుగు సాలెవారి ఆడపడుచగు దేవత ఒడియా నేలపై నున్నారు. ఇట్టి సీమలో ఏ పాటనైనను పట్టుకొని ఇది అచ్చముగా మాది యనుట సాహసము. ఇది మనదియు, మన పొరుగువారిదియు నని చెప్పుటయే సత్యము. అందు సిగ్గుపడవలసినది లేదు.

పాటను ఎట్లు స్వీకరింపవలెనో మనకు నేర్పినవారు మన సీమలోనే యుండిరి. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, కొండలలోని సవరల భాషను వారి నోటనే నేర్చి, వారి పాటలను, కథలను వ్రాసికొనిరి. ఆయన సవర భాషా గ్రంథము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. నాగరకులు అపహసించు భాషను ఆయన దిద్దలేదు. పాడినవాడు పాడినట్లు, పలికినవాడు పలికినట్లు వ్రాసిరి. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరిన 1936లో ఆయన ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. తెలుగుపై అంత యభిమానము గల మహనీయుడు సవర పాటను సవర పాటగానే యుంచెను. ఆ మర్యాదను మన యమ్మమ్మల పాటకు మనము చూపలేమా?

కావున పాత పాటను తూచుటకు మేము సూచించు కొలతలు మూడు. మొదటిది: ఆ పాటతో ఏ జ్ఞాపకమును లేనివారికి కూడ అది ఏమైన చెప్పుచున్నదా? ఊర్మిళ కథ చెప్పును. తెలుగు రాని పొరుగింటి కోడలికి తాత్పర్యము చెప్పినను చెప్పును. రెండవది: పాట ఏ పని కొఱకు పుట్టినదో ఆ పనితో కలిపి వినినప్పుడు దాని నడక తెలియుచున్నదా? మూడవది: పాడిన చోటి గుర్తు అందు మిగిలియున్నదా, లేక ఎవరో తుడిచివేసిరా? ఈ మూడింటను నిలిచిన పాట గొప్ప పాట. నిలువనిది ప్రియమైన పాట కావచ్చును. ప్రియమైనదానిని దాచుకొనుటయు తప్పు కాదు, కాని దానిని వేదిక యెక్కించి గొప్పదనుట వేఱు.

ఆచరణలో చేయదగినదియు కొంత కలదు. మన యిండ్లలో పెద్దవారు పాడునప్పుడు, నేడు ప్రతివాని చేతనున్న ఫోనులోనే పట్టవచ్చును. మూడు నిమిషముల హద్దు తొలగినది. కథ ఎంత పొడవైనను పూర్తిగా పట్టుడు. నడుమ దగ్గినను, మఱచిపోయి తడుముకొనినను, మనుమని కసరినను ఆపవలదు. వీలైనచోట రోలు రోకలి తెచ్చి, నాలుగు గింజలు పోసి, దంచుచు పాడుమని వేడుకొనుడు. ఏ వీధిలో, ఏ సందర్భమున, ఎవరివలన నేర్చిన పాటయో అడిగి వ్రాయుడు. ఒడియా మాట వచ్చినచో ఒడియా మాటనే వ్రాయుడు. తెలుగు లిపి రాని మన యాడపిల్లలు కొందఱు తెలుగు మంగళహారతులను ఒడియా లిపిలో వ్రాసికొని పాడుచున్నారు. దీనిని చూచి పెద్దలు నొచ్చుకొందురు. లిపి పోయినందుకు మాకును చింత కలదు. దానిని నేర్పు బాధ్యత మనదే. కాని ఆ పుస్తకమును చింపివేయవలదు. తన భాషలోని పాటను వదలుకొనలేక, వచ్చిన లిపితోనైనను పట్టుకొనిన పిల్ల ప్రయత్నమది. ఎదుటి పుటను తెలుగు లిపిలో వ్రాసి యిచ్చిన చాలును. పిల్ల రెండును చదువుకొనును.

మన పాటను దిద్దినకొలది అది వేఱొక యూరి పాట యగును. ఉన్నదున్నట్లు నిలిపినచో, రెండు భాషల నడుమ ఇన్ని తరములు కాపురము చేసిన తెలుగువారు ఎట్లు బ్రదికిరో, ఎవరితో కలసి బ్రదికిరో రాబోవువారికి తెలుపును. ఆ పని చేయగల పెద్దముత్తైదువులు ప్రతి వీధిలోను ఇంకను కొందఱున్నారు. ఈ సంచిక చదువు ప్రతి కుటుంబమును ఈ సంవత్సరమున ఒక్క పాటనైనను పూర్తిగా పట్టి యుంచవలెనని మేము కోరుచున్నాము.